‘మీరేమిట్లు?’ అని అడిగిన నోటితోనే

సందేహం (బ్రాడీపేట, గుంటూరు): ఆగస్టులో ఎమ్మెస్‌కు అమెరికా వెళ్తున్నాను. నల్లవాళ్ళు ఉండే చోట ఇల్లు తీసుకోవద్దని సీనియర్లు చెబుతున్నారు. అక్కడ మనల్నీ చులకనగా చూస్తారని అమ్మ భయపడుతోంది. ఎవరి మాట వినాలి?

జవాబు: మనల్ని రంగును బట్టి చూస్తారేమోనన్న భయమూ, ఇంకొకరిని రంగును బట్టే దూరం పెట్టమన్న సలహా, రెండూ మీ నాలుగు వాక్యాల్లోనే ఉన్నాయి. నేనూ అరండల్‌పేట నుంచి వెళ్ళినవాణ్ణే కనుక ఇందులో నాకు ఆశ్చర్యం లేదు. నాన్నగారికి విజయవాడ బదిలీ అయినప్పుడు, అద్దె ఎంతో చెప్పకముందే ప్రతి వాకిట్లోనూ ‘మీరేమిట్లు?’ అని, అంటే మీ కులమేమిటని, అడిగేవారు. జవాబు నచ్చకపోతే ‘మా అల్లుడుగారు దిగుతున్నారండీ’ అనేవారు. అమెరికాలో ఇల్లు అద్దెకివ్వడంలో జాతి, రంగు, మతం, పుట్టిన దేశం చూడకూడదని 1968లో చట్టం చేశారు. మీరు చూడవలసినవి అద్దె, బస్సు సౌకర్యం, రాత్రి వేళ వీధిలో వెలుతురు, పోలీసులు ప్రకటించే నేరాల వివరాలు.

భారతీయుడు తెల్లవాడు కాడు కనుక పౌరసత్వానికి అర్హుడు కాడని 1923లో ఆ దేశపు సుప్రీంకోర్టే భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ వలసదారు కేసులో తీర్పు చెప్పింది. 1946 చట్టంతో పౌరసత్వపు తలుపు తెరుచుకున్నా, వలసకు మనకిచ్చిన కోటా ఏడాదికి సుమారు 100 మంది మాత్రమే. నల్లజాతివారు దెబ్బలు తిని, జైళ్ళకు వెళ్ళి 1964 పౌరహక్కుల చట్టాన్ని సాధించిన ఊపులోనే, 1965లో ఆ దేశాలవారీ కోటాలను రద్దుచేసే చట్టం వచ్చింది. మన వీసాల వెనుక వారి ఉద్యమం ఉందన్న సంగతి మన విందుల్లో ఎవరూ ఎత్తరు.

భాష విషయంలో నా తప్పే చెబుతాను. ఆఫీసు లిఫ్టులో మిత్రుడితో తెలుగులో ‘ఆ నల్లోడు’ అన్నాను. పక్కనున్న సహోద్యోగి, ‘నన్ను చూసినప్పుడల్లా మీరు వాడే ఆ మాటకు అర్థమేమిటి?’ అని నెమ్మదిగా అడిగాడు. ఆ రోజు అబద్ధమాడి, మర్నాడు వెళ్ళి నిజం చెప్పి క్షమాపణ కోరాను; అతను వెంటనే ఏమీ అనలేదు, అనవలసిన అవసరమూ లేదు. మన పాత పుస్తకాల్లో కనిపించే ‘నీగ్రో’ అన్న మాటను కూడా ఇక్కడే వదిలి వెళ్ళండి.

అలాగని మీకు ఎదురయ్యే ప్రతి ఇబ్బందినీ వివక్ష అనుకోకండి. మీ ఇంటిపేరు మూడుసార్లు పలికించుకునేవారు చాలావరకు సరిగ్గా పలకాలనే అడుగుతారు. కూర వాసన గురించి అడిగినవారికి ఒక ముద్ద రుచి చూపించవచ్చు. ఉద్యోగంలో పుట్టిన దేశం కారణంగా అన్యాయం జరిగిందనిపిస్తే మాత్రం ఊరుకోవద్దు. తేదీలు, అన్న మాటలు రాసిపెట్టుకోండి. సమాన ఉద్యోగావకాశాల కమిషన్‌కు మామూలుగా 180 రోజుల్లోగా, చాలా రాష్ట్రాల్లో 300 రోజుల్లోగా ఫిర్యాదు చేయాలి.

అమ్మగారి భయం ఉత్తదేనని నేననను. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రంలో ఒక తెలుగు ఇంజినీరును జాతిద్వేషంతో కాల్చి చంపారు. ఆ హంతకుణ్ణి ఆపబోయి తూటా దెబ్బ తిన్నవాడు ఒక తెల్ల యువకుడు. అమ్మగారికి చెప్పేటప్పుడు ఈ రెండూ కలిపి చెప్పండి.