మరియమ్మకు వందనమా, ఆరాధనా?

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ఉమ్మడి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఆర్సీఎం (రోమన్ కతోలిక మిషన్) కుటుంబాలూ, కెనడా బాప్టిస్టు మిషన్ నాటిన సంఘాల కుటుంబాలూ పక్కపక్క వీధుల్లోనే ఉంటాయి. వియ్యమందుతాయి, ఒకరి చావుకు ఒకరు వెళ్తాయి. ఈసారి ఎంచుకున్న ఉత్తరాలన్నీ ఆ రాకపోకల్లో వచ్చే చిక్కుల గురించే.

మా కోడలు ఆర్సీఎం. దీపాలవేళ జపమాల చెప్పుకుంటుంది. మాది బాప్టిస్టు సంఘం. "మీ ఇంట్లో మరియమ్మను ఆరాధిస్తున్నారట కదా" అని గుళ్ళో ఆడవాళ్ళు అడుగుతున్నారు. పిల్ల నొచ్చుకోకుండా ఈ మాట ఎలా ఎత్తాలి? – ఒక అత్తగారు, రాజాం

ముందు ఆ జపమాలను అడిగి చేతిలోకి తీసుకోండి. 59 పూసలుంటాయి. 53 చిన్నవాటి మీద మరియమ్మ జపం చెబుతారు, 6 పెద్దవాటి మీద పరలోక జపం (మీ ప్రభువు ప్రార్థనే). మరియమ్మ జపంలో మొదటి సగం మీ బైబిల్లోనూ ఉన్నదే. "దేవ వరప్రసాదముచేత నిండిన మరియమ్మా వందనము" దూత మాట (లూకా 1:28). "స్త్రీలలో ఆశీర్వదింపబడినవారు మీరే" ఎలీసబెతు మాట (లూకా 1:42). తగువంతా రెండో సగంతోనే. "పాపాత్ములమైన మా కొరకు ప్రార్థించండి" అని అక్కడ ఉంటుంది. ఆ క్రియ చూడండి. ప్రార్థించండి అంటున్నారు, రక్షించండి అనడం లేదు.

ఇంకో చిక్కు మన తెలుగుతోనే వచ్చింది. ఆర్సీఎం వాళ్ళు ఆదివారం "పూజకు" వెళ్తారు, మీరు "ఆరాధనకు" వెళ్తారు. నాలుగు వీధుల అవతల హిందువుల గుడిలో పూజ జరిగే ఊళ్ళో, ఆర్సీఎం పూజ అన్న మాట బాప్టిస్టు చెవిలో విగ్రహపూజగానే పడుతుంది. కతోలిక సభ మాత్రం 787లో నైసియాలో కూడిన మహాసభ నాటి నుంచీ ఒక గీత గీసుకుని ఉంది. ఆరాధన దేవుడికే చెల్లుతుంది, పటాలకూ పునీతులకూ (పరిశుద్ధులకూ) గౌరవ వందనం వరకే. ఆ గీతను జనం ఎప్పుడూ పాటిస్తారా అంటే, పాటించరు. అందుకే మరియమ్మ విషయంలో అతిగా మాట్లాడవద్దని రెండో వాటికన్ మహాసభ 1964లో తన ప్రసంగీకులకే చెప్పవలసి వచ్చింది.

ఇదంతా తేలాక మిగిలేదే అసలు భేదం. చనిపోయి ప్రభువు దగ్గరున్నవారిని మనకోసం ప్రార్థించమని అడగవచ్చా? "దేవునికిని నరులకును మధ్యవర్తి ఒక్కడే" (1 తిమోతి 2:5) అని మీరంటారు. బతికున్న అక్కను ప్రార్థన చెయ్యమని అడిగితే ఆ మధ్యవర్తిత్వానికి భంగం కాదుగా, పరలోకంలో ఉన్న తల్లిని అడిగితే ఎలా అవుతుందని వాళ్ళంటారు. ప్రకటన 5:8లో పరిశుద్ధుల ప్రార్థనలు నింపిన ధూపపాత్రలను చూపిస్తారు. పరలోకంలో ఉన్నవారు మనం అడిగినవి వింటారని ఆ వచనం చెప్పదని మీ పాస్టరుగారు అంటారు. పొయ్యి దగ్గర తేలే సంగతి కాదు.

కోడలిని అడిగేటప్పుడు "మరియమ్మను ఎందుకు ఆరాధిస్తావు" అనకండి. ఆ ప్రశ్నలోనే తీర్పు ఉంది. "ఆ జపంలో ఆవిడను ఏం అడుగుతావమ్మా?" అనండి, తనే చెబుతుంది. గుళ్ళో అడిగినవాళ్ళకు "ఆరాధించడం లేదు, ప్రార్థించమని అడుగుతోంది, అదీ మనం ఒప్పుకోం" అంటే చాలు. అందులో అబద్ధమూ లేదు, కోడలికి అవమానమూ లేదు. ఇక కోడలికి ఒక మాట: "మీకు మరియమ్మ అంటే గౌరవమే లేదు" అని ఎదురు అనవద్దు. మరియ స్తోత్రగీతం మీద 1521లో ఒక వ్యాఖ్యానమే రాసినవాడు ప్రొటెస్టెంటు ఉద్యమానికి ఆద్యుడైన మార్టిన్ లూథర్.

ఆర్సీఎం వాళ్ళు విగ్రహాల ఆజ్ఞను పది ఆజ్ఞల్లోంచి తీసేశారని సండేస్కూల్లో చెబుతున్నాం. నిజమేనా? – ఒక టీచరు, సాలూరు

తియ్యలేదు. నిర్గమకాండం 20వ అధ్యాయం వాళ్ళ బైబిల్లోనూ పూర్తిగా ఉంది. తేడా అంకెలు వేయడంలో వచ్చింది. అక్కడ ఆజ్ఞలకు అంకెలు లేవు, ఎవరికి వారు వేసుకున్నవే. వాళ్ళు పాటించే ఆగస్టీను (తొలినాటి క్రైస్తవ పండితుడు) పద్ధతిలో "వేరొక దేవుడు ఉండకూడదు", "విగ్రహం చేసుకోకూడదు" కలిపి మొదటి ఆజ్ఞ. పది సరిపోవాలి గనుక చివర పొరుగువాని భార్యను ఆశించవద్దన్నది తొమ్మిది, పొరుగువాని సొత్తు పది అయ్యాయి. మీరు మొదట రెండుగా చీల్చి, చివర రెంటినీ కలిపేశారు. అందుకే వ్యభిచారం మీకు ఏడో ఆజ్ఞ, వాళ్ళకు ఆరోది.

లూథరన్లూ ఆగస్టీను అంకెలే వాడతారు. మీ సాలూరు, పార్వతీపురం వైపు లూథరన్ సంఘాలున్నాయిగా, వాళ్ళ చిన్న ఉపదేశం పుస్తకం తెరిచి చూడండి. వాళ్ళ మీద ఈ నింద ఎవరూ వెయ్యరు! అయితే మీ అనుమానానికి ఒక కారణం లేకపోలేదు. పిల్లలు కంఠస్థం చేసే ఆజ్ఞల పట్టీని ఆర్సీఎం వాళ్ళు కుదించి నేర్పుతారు. ఆ కుదింపులో విగ్రహాల వాక్యం కనపడదు. విమర్శించాలంటే ఆ కుదింపును విమర్శించండి, బైబిల్లోంచి తీసేశారని మాత్రం పిల్లలకు నేర్పకండి.

మా అమ్మాయి ఆర్సీఎం, అబ్బాయిది బొబ్బిలి బాప్టిస్టు సంఘం. శనివారం ఫాదర్‌గారి దగ్గర, ఆదివారం పాస్టరుగారి దగ్గర పెళ్ళి చేస్తే రెండువైపులా మర్యాద దక్కుతుంది కదా? – ఒక తండ్రి, పాలకొండ

దక్కదు. పెళ్ళి ప్రమాణం ఒక్కసారే. రెండోచోట మళ్ళీ ప్రమాణం చేయించడాన్ని కతోలిక ధర్మశాస్త్రం 1127వ సూత్రం నిషేధిస్తుంది. మొదటిది పెళ్ళి కాదన్నట్టు అవుతుంది గనుక బాప్టిస్టు పెద్దలు కూడా హర్షించరు. ఎవరో ఒకరు ప్రమాణం చేయించి, రెండోవారు వాక్యం చదివి, ప్రార్థన చేసి, దీవెన ఇస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

కనీసం మూడు నెలల ముందు మీ విచారణ గురువు (మీ గుడి ఫాదర్‌గారు) దగ్గరికి వెళ్ళండి. అమ్మాయి జ్ఞానస్నాన సర్టిఫికెట్ ఇంట్లో ఉన్న పాతది పనికిరాదు, ఆరు నెలల లోపు తీసినది కావాలి. కారణం ఏమంటే, పెళ్ళయితే ఆ సంగతి జ్ఞానస్నాన రిజిస్టరు అంచునే రాస్తారు. కొత్త నకలు తీస్తే అక్కడ ఏమీ లేదని తెలుస్తుంది.

అబ్బాయి బాప్తిస్మ సర్టిఫికెట్ దగ్గరే ఎక్కువగా చిక్కు పడుతుంది. ఒకటి, అతను బాప్తిస్మం తీసుకున్నాడా అన్నది. బాప్టిస్టులు పసిపిల్లలకు ఇవ్వరు. ఎదిగి, విశ్వాసం ఒప్పుకున్నాకే ముంచుతారు. బాప్టిస్టు ఇంట పుట్టి, పాతికేళ్ళు వచ్చినా ఇంకా నీళ్ళలోకి దిగని కుర్రాళ్ళు ఉంటారు. దిగినవాడైతే మేత్రాణులవారి (బిషప్పుగారి) అనుమతి చాలు. దిగనివాడైతే అనుమతి సరిపోదు, ప్రత్యేక మినహాయింపు కావాలి. అది లేకుండా చేస్తే కతోలిక లెక్కలో ఆ పెళ్ళి చెల్లదు. రెండు, ఏ పేరట ఇచ్చారన్నది. నీళ్ళతో, "తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామమున" ఇచ్చిన బాప్తిస్మాన్ని ఎవరిచ్చినా కతోలిక సభ అంగీకరిస్తుంది, మళ్ళీ ఇవ్వదు. కేవలం "యేసు నామమున" ఇచ్చే సంఘాలున్నాయి. ఆ బాప్తిస్మాన్ని ఒప్పుకోదు. అందుకే ఆ వాక్యం సర్టిఫికెట్ మీద రాయించుకోండి. అర్జీ శ్రీకాకుళం మేత్రాసనానికి (బిషప్పుగారి కార్యాలయానికి) వెళ్తుంది. 1993లో ఏర్పడినప్పటి నుంచి రెండు ఉమ్మడి జిల్లాలకూ అదే.

మాటల దగ్గర పెళ్ళివారు వేడెక్కేది పిల్లల గురించి. పుట్టే పిల్లలను కతోలికులుగా పెంచడానికి తన చేతనైనంత చేస్తానని అమ్మాయి మాట ఇవ్వాలి. అబ్బాయి ఏమీ రాసివ్వనక్కరలేదు, ఆమె అలా మాటిచ్చిందని అతనికి తెలియజేస్తారంతే. 1970కి ముందు ఇద్దరిచేతా హామీ తీసుకునేవారు. ఆ పాత రోజుల చేదు మీ వియ్యంకుడి ఇంట్లో పెద్దవాళ్ళకు ఇంకా గుర్తుండవచ్చు, ఓపిగ్గా వినండి. అటువైపు నుంచి రాగల కోరిక కూడా ముందే అడిగి తెలుసుకోండి: సంఘ సభ్యత్వం కోసం అమ్మాయి ముంచి బాప్తిస్మం తీసుకోవాలంటారా? వాళ్ళ లెక్కలో అది రెండోది కాదు, పసితనంలో జరిగింది బాప్తిస్మమే కాదు. అమ్మాయి లెక్కలో మాత్రం మొదటిదాన్ని కాదనడమే. ఈ రెంటికీ మధ్యేమార్గం లేదు. పెళ్ళిచూపుల నాడే తేల్చుకోవలసిన ఈ మాటను సీమంతం దాకా లాగి తెగతెంపులు చేసుకుంటారు కొందరు.

పెళ్ళినాడు దివ్యబలిపూజ లేకుండా, వాక్య పఠనం, ప్రమాణాలు, ఉంగరాలు, దీవెనలతో జరిపించమని అడగండి. అలాంటి క్రమం వాళ్ళ పుస్తకంలోనే ఉంది. పూజ పెట్టిస్తే సత్ప్రసాదం (దీవించిన అప్పం) వేళకు సగం గుడి అందుకోవడానికి లేచి వెళ్తుంది, సగం గుడి, పెళ్ళికొడుకుతో సహా, కూర్చుండిపోతుంది. ఫొటోల్లో కూడా అదే కనిపిస్తుంది.

బొబ్బిలిలోనే చేయాలనుకుంటే, కతోలిక పద్ధతి నుంచి మినహాయింపు ముందుగా తీసుకుంటే అదీ కుదురుతుంది. పెళ్ళి చేసే పాస్టరుగారికి 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కింద లైసెన్సు ఉందో లేదో మాత్రం చూసుకోండి. ఆ చట్టం ప్రకారం మామూలుగా పెళ్ళి ఉదయం 6 నుంచి రాత్రి 7 లోపే జరగాలి. రాత్రి ముహూర్తపు అలవాటున్న బంధువులకు శుభలేఖలు వేయకముందే ఈ సంగతి చెప్పండి. తాళికి సిలువ ఉండాలా, బొట్టు పెట్టాలా అన్నవి ఈ రెండు సభల పెళ్ళి క్రమాల్లో ఎక్కడా లేవు. పెద్ద గొడవలు మాత్రం వాటి మీదే అవుతాయి!

ఐక్య క్రిస్మస్‌లో ప్రభువు ప్రార్థన అందరం కలిసి చెబుతుంటే మధ్యలో గందరగోళం అవుతోంది. ఏం చేయాలి? – యువజన నాయకుడు, టెక్కలి

రెండు అనువాదాలు ఢీకొంటున్నాయి. మీరు "నీ నామము పరిశుద్ధపరచబడుగాక" అంటుంటే వాళ్ళు "మీ నామము పూజింపబడునుగాక" అంటారు. మీ "ఋణములు" వాళ్ళకు "అప్పులు". చివర వాళ్ళు "రక్షించండి, ఆమెన్" అని ఆగిపోతే మీరు "రాజ్యము, బలము, మహిమ" అని సాగుతారు. ఎవరో మరిచిపోయారనుకుని పిల్లలు నవ్వుతారు. నిజానికి ఆ చివరి మాటలు మత్తయి పాత ప్రతుల్లో లేవు, తొలి క్రైస్తవుల ప్రార్థనలో ఉన్నాయి. ఆర్సీఎం పూజలో కూడా కాస్త ఆగి విడిగా చెబుతారు.

ఒకే పాఠాన్ని కాగితం మీద అచ్చు వేసి పంచండి. ఈ ఏడు ఒకరిది, వచ్చే ఏడు మరొకరిది. పంచకపోతే ఒకరే చదివి, అందరూ ఆమెన్ అనడం మేలు. ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచుకోవడం) మాత్రం ఐక్య కూటంలో పెట్టకండి, అక్కడ ఇంకా ఐక్యత లేదు.

మా అమ్మ ఆర్సీఎం, నేనూ తమ్ముడూ బాప్టిస్టులం, చెల్లి అమ్మవైపే ఉండిపోయింది. అమ్మకు బాగాలేదు. జరగరానిది జరిగితే ఎవరి పద్ధతి? – ఒక కొడుకు, సోంపేట

అమ్మ పద్ధతి. పెట్టె దగ్గర పంతాలకు తావివ్వకండి. ఆవిడకు మాట ఉండగానే ఫాదర్‌గారిని పిలిపించండి, అవస్థ అభ్యంగనం (రోగికి నూనె పూసి చేసే ప్రార్థన) ఊపిరి పోయాక ఇవ్వరు.

ఇంటి దగ్గర మీ పాస్టరుగారు ఆదరణ వాక్యం చెప్పవచ్చు, గుడిలోనూ సమాధి దగ్గరా క్రమం ఫాదర్‌గారిది. ఫాదర్‌గారు ఆశీర్వదించిన నీళ్ళు చల్లుతారు, సాంబ్రాణి వేస్తారు, ఆవిడ ఆత్మ కోసం ప్రార్థిస్తారు. ఆ ప్రార్థన మీకు సమ్మతం కాదు, తల వంచి నిలబడితే చాలు. ఆమెన్ అనమని ఎవరూ బలవంతపెట్టరు. పాస్టరుగారిని ముందే ఒకటి అడగండి: ఉత్తరించు స్థలం (చనిపోయిన ఆత్మలు పరలోకానికి ముందు శుద్ధి పొందే చోటు) లేదని నిరూపించే ప్రసంగం ఆ రోజు వద్దు అని. ఫాదర్‌గారిని కూడా, దాన్ని నిరూపించే ప్రసంగం వద్దని.

ఈ భేదం ఎక్కడిదంటే, చనిపోయినవారి కోసం చేసిన ప్రార్థన 2 మక్కబీయులు 12వ అధ్యాయంలో ఉంది. ఆ పుస్తకం మీ 66లో లేదు, వాళ్ళ 73లో ఉంది. అలాంటివి ఏడు. కతోలికుల ట్రెంట్ మహాసభ 1546లో అవి లేఖనమేనని తేల్చింది. లూథర్ 1534 బైబిల్లో వాటిని విడిగా ఒకచోట పెట్టి, చదవడానికి మంచివే గాని లేఖనంతో సమానం కావన్నాడు. కనుక "అది బైబిల్లో లేదు" అని చెల్లితో వాదిస్తే, "నా బైబిల్లో ఉంది" అంటుంది. ఇద్దరూ నిజమే చెప్పినట్టవుతుంది.

నవంబరు 2న సమాధుల పండుగకు చెల్లి కొవ్వొత్తులతో వెళ్తుంది. ముందురోజే మీరూ తమ్ముడూ వెళ్ళి, గడ్డి పీకి, సిలువకు సున్నం వేసి, బంతిపూలు పెట్టి రండి. వెలిగించడం, జపం చెప్పడం చెల్లికి వదిలేయండి.