ఫెర్రీ ఎక్కగానే లోపల కూర్చోకండి

చిరంజీవి శ్రావణికి,

పెద్దమ్మ ఆశీస్సులు. జూన్‌లో పిల్లల్ని తీసుకుని స్కాట్లాండ్ పడమటి తీరంలోని మల్ దీవికి వెళ్తున్నామని, ఏమేం చూడాలో లిస్టు పంపమని అడిగావు. లిస్టు పంపడం లేదమ్మా. గ్లాస్గో వచ్చి ముప్పై ఏళ్లయింది, ఆ దీవికి పదిసార్లకు పైనే వెళ్లాం. మొదటిసారి రెండు రోజుల్లో దీవంతా చుట్టేశాం. ఇంటికొచ్చాక చూసుకుంటే గుర్తున్నది రోడ్డొక్కటే. నీకు అలా కాకూడదని ఈ ఉత్తరం.

ఓబన్ రేవులో ఫెర్రీలోకి కారు ఎక్కించాక అందరూ పైకి వెళ్లిపోవాలి, ప్రయాణంలో మళ్లీ కార్ల దగ్గరికి రానివ్వరు. అందుకే బైనాక్యులర్, జాకెట్లు, పిల్లల టోపీలు ముందే ఒక సంచిలో సర్దుకో. మల్‌లో దిగే రేవు క్రెయిగ్‌న్యూర్‌కి యాభై నిమిషాల దూరం. చాలామంది కేంటీన్ లైన్లో నిలబడతారు. మీరు మాత్రం నేరుగా పై డెక్‌కి వెళ్లండి. కుడివైపు 1833 నాటి లిస్మోర్ లైట్‌హౌస్, తర్వాత ఎడమవైపు రాతిగట్టు మీద డ్యూఆర్ట్ కోట కనిపిస్తాయి. గాలి లేని రోజైతే డాల్ఫిన్లలాంటి చిన్న జీవులు, పోర్పాయిస్‌ల నల్లటి వీపులు నీళ్లలోంచి అలా తేలి మునుగుతాయి. మన సెలవు మొదలయ్యేది అక్కడేనమ్మా, దిగాక కాదు.

దిగగానే టోబర్‌మోరీ ఊళ్లో రంగురంగుల ఇళ్ల ఫోటోల కోసం పరిగెత్తొద్దు. ఒక పూటంతా లాక్ నా కీల్ ఒడ్డుకి ఇవ్వు. అది దీవిలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ. అక్కడ ఆటర్లుంటాయి. మన కోరింగ మడ అడవుల్లో తిరిగే నీటికుక్కలకు దాయాదులే. వాటిని చూడటానికి ఓపిక కావాలి. గాలి మీ మీదుగా వాటి వైపు వీచకుండా చూసుకోండి, వాసన పసిగట్టేస్తాయి. అది మునిగినప్పుడు నాలుగడుగులు వేయండి, పైకి రాగానే కదలకుండా నిలబడండి. కిందటేడు మేలో నేను ఒక రాయి చాటున కూర్చుంటే, పీతను నోట కరుచుకుని సముద్రపు నాచు మీదికి ఎక్కింది ఒకటి. తడికి బొచ్చంతా ముళ్లలా నిక్కబొడుచుకుని ఉంది. పీత పెంకు పటపటమని విరుగుతున్న చప్పుడు నాకు వినిపించింది. తినేసి, తల ఒకసారి విదిలించి, నీళ్లలోకి జారిపోయింది. అంతా రెండు నిమిషాలు. దానికోసం మూడు గంటలు కూర్చున్నాను, మళ్లీ అయినా కూర్చుంటాను.

అదే చోట తల పైకెత్తితే తెల్లతోక గద్ద కనబడొచ్చు. రెక్కలు చాపితే ఎనిమిది అడుగులు ఉంటుంది. వందేళ్ల కిందట బ్రిటన్‌లో ఒక్కటీ మిగలకుండా చంపేశారు. 1975 నుంచి నార్వే నుంచి గద్ద పిల్లల్ని తెచ్చి రమ్ దీవిలో వదిలారు. 1985లో అవి గూడు కట్టి మొదటి పిల్లను ఎగరేసింది ఈ మల్‌లోనే. పిల్లలకు ఈ సంగతి ముందే చెప్పు, అప్పుడు ఆ పక్షిని చూసే తీరే వేరుగా ఉంటుంది. గూడు కనిపిస్తే మాత్రం దగ్గరికి వెళ్లకండి.

రంగుల ముక్కున్న సముద్రపు పక్షులు, పఫిన్ల కోసం మల్ దగ్గరి లుంగా దీవికి పడవ మాట్లాడుకోండి. జూన్ అంటే సరైన సమయం, ఆగస్టు మొదటికల్లా వెళ్లిపోతాయి. సముద్రం బాగోలేకపోతే పడవ కదలదు, కాబట్టి ఆఖరి రోజుకి పెట్టుకోవద్దు.

రోడ్లు చాలావరకు ఒక్క కారు పట్టేవే. ఎదురుగా బండి వస్తే, తప్పుకునే చోటు నీకు ఎడమన ఉంటే అందులోకి వెళ్లు, కుడిన ఉంటే దానికెదురుగా ఆగు. వెనకాల స్థానికులుంటే దారివ్వు, వాళ్లకు పనులుంటాయి. గద్ద కనబడిందని ఆ చోట్లలో కారు ఆపేయకు.

గాలి ఆగిన సాయంత్రం మిడ్జ్‌లనే కుట్టే చిన్న దోమల్లాంటి పురుగులు కమ్ముకుంటాయి, ముఖానికి వలటోపీలు కొను. గడ్డిలో నడిచొచ్చాక పిల్లల మోకాళ్ల వెనక, చంకల్లో పిడుదులున్నాయేమో రోజూ చూడు. దుకాణాలు తక్కువ, పెందలాడే మూసేస్తారు. రైస్ కుక్కర్, పప్పు, ఆవకాయ పట్టుకెళ్లు. రాత్రి పదింటికి కూడా వెలుగుంటుంది కాబట్టి, అన్నాలు తిన్నాక మళ్లీ ఒడ్డుకి వెళ్లొచ్చు.

కారుకి టికెట్ మాత్రం ఈ వారమే బుక్ చెయ్యి, వేసవిలో త్వరగా నిండిపోతాయి. వచ్చాక పిల్లల చేత నాకు ఫోన్ చేయించు.

ఇట్లు,
మీ పెద్దమ్మ