75 శాతం స్కాలర్‌షిప్ సరే, చేతి నుంచి పోయేదెంత?

ప్రశ్న: సార్, మాది అనంతపురం. ఇంటర్ ఎంఈసీ అయిపోయింది. నాయన ఆర్టీసీలో కండక్టరు, ఇంకా ఏడేళ్ల సర్వీసు ఉంది. అమ్మ ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది. ఇద్దరి ఆదాయం కలిపి ఏడాదికి ఆరు లక్షలు. జడ్జి కావాలని నా కోరిక. క్లాట్ ర్యాంకుకు వేరే రాష్ట్రంలో ఒక జాతీయ లా వర్సిటీలో సీటు వచ్చింది, హాస్టల్‌తో కలిపి ఏడాదికి 3 లక్షలు. బెంగళూరు దగ్గర ఒక ప్రైవేటు వర్సిటీ 75 శాతం స్కాలర్‌షిప్ ఇస్తామంటోంది, వారంలోగా 50 వేలు కట్టి సీటు ఖాయం చేసుకోమన్నారు. లేదంటే లాసెట్‌తో ఊళ్లోనే చేరొచ్చు, ఫీజు పాతిక వేల లోపే. నాయన ‘అప్పు వద్దు తల్లీ’ అంటున్నాడు. స్కాలర్‌షిప్ వదులుకుంటే పిచ్చిదానివి అని మామ అంటున్నాడు. ఏం చేయాలి?

జవాబు:

ముందు మీ మామ మాట తేల్చేద్దాం, వారం గడువు ఉన్నది దానికే కాబట్టి.

నువ్వు పంపిన ఫీజు కాగితం రెండుసార్లు చదివాను. ట్యూషన్ ఫీజు 4 లక్షలు, అందులో 75 శాతం పోతే నువ్వు కట్టేది లక్ష. బాగానే ఉంది. కానీ దాని కిందే హాస్టలు, మెస్సు కలిపి 1 లక్షా 60 వేలు, ‘ఇతర ఫీజులు’ ఇంకో 20 వేలు ఉన్నాయి, వీటికి స్కాలర్‌షిప్ వర్తించదు. మొత్తం 2 లక్షల 80 వేలు. అంటే జాతీయ వర్సిటీకీ దీనికీ తేడా ఏడాదికి 20 వేలే! మనవైపు సబ్సిడీ చెనిక్కాయ విత్తనాలు ఇచ్చేటప్పుడు ఏ రైతయినా సబ్సిడీ ఎంత శాతమని మురిసిపోతాడా? బస్తాకు నా చేతి నుంచి ఎంత పోతుంది, బయట ఎంతకు దొరుకుతుంది అని అడుగుతాడు. మీ మామకు సేద్యం ఉంటే ఈ లెక్క ఆయనకే బాగా తెలియాలి.

ఇంకో సంగతి, రెండో పేజీలో ఉంది. ప్రతి ఏడాదీ సీజీపీఏ 7.5 తగ్గకూడదు, ఒక్క పేపరు తప్పినా స్కాలర్‌షిప్ పోతుంది, పోయిందంటే మళ్లీ ఇవ్వరు. రెండో ఏడాది చివర్లో పోయిందనుకో, మిగిలిన మూడేళ్లకు ఏడాదికి 3 లక్షల చొప్పున 9 లక్షలు అదనంగా పడతాయి. 14 లక్షలు అనుకుని చేరిన చదువు 23 లక్షలవుతుంది. కొన్నేళ్ల కిందట నేనే ఒక అబ్బాయికి ఇలాంటి కాగితం పైపైన చూసి ‘చేరిపో నాయనా’ అని చెప్పాను. రెండో ఏడాదిలో డెంగీ వచ్చి నెల రోజులు మంచాన పడ్డాడు, హాజరు తగ్గి ఒక పరీక్ష రాయనివ్వలేదు, స్కాలర్‌షిప్ పోయింది. వాళ్ల నాన్న ఉన్న రెండెకరాల్లో ఒక ఎకరం అమ్మాడు. తప్పు నాది, నిబంధన చదవాల్సిన వాణ్ణి నేను. అప్పటి నుంచి ఎవరు స్కాలర్‌షిప్ అన్నా ‘ఎప్పుడు పోతుంది?’ అనేదే నా మొదటి ప్రశ్న.

కాబట్టి ఆ 50 వేలు కట్టొద్దు. ఆ వర్సిటీ చెడ్డదని కాదు, ఇంచుమించు అదే ఖర్చుకు అంతకంటే నమ్మకమైన సీటు నీ చేతిలో ఉంది.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. జాతీయ వర్సిటీయా, ఊళ్లో కాలేజీయా?

జాతీయ వర్సిటీ అనగానే అందరూ చెప్పేది ప్లేస్‌మెంట్లు. ముంబయి, ఢిల్లీ, బెంగళూరు లోని పెద్ద లా ఫర్ములు క్యాంపస్‌కు వస్తాయి, మొదటి ఏడాదే పదిహేను లక్షల పైన ఇస్తాయి. నిజమే. అయితే ఆ ఫర్ములు ముందు వెళ్లేది బెంగళూరు ఎన్‌ఎల్‌ఎస్‌ఐయూ, హైదరాబాద్ నల్సార్ లాంటి పైవరస చోట్లకు, అక్కడా బ్యాచ్‌లో అందరికీ ఆ ఉద్యోగాలు రావు. దేశంలో ఇప్పుడు జాతీయ లా వర్సిటీలు పాతిక పైనే ఉన్నాయి, పేరు ఒకటే అయినా అన్నీ ఒకటి కావు. నీకు వచ్చింది మధ్య వరస. ‘అత్యధిక ప్యాకేజీ’ అని బ్రోచర్లో వేసేది ఒక్కడి జీతం, దాన్ని పక్కన పెట్టు. పోయిన ఏడాది పాసైన బ్యాచ్‌లో ఎంతమంది, ఎక్కడ, ఏం చేస్తున్నారో కనుక్కో. లింక్డిన్‌లో ఆ కాలేజీ పేరుతో వెతికితే సగం మంది దొరుకుతారు. ఇద్దరు ముగ్గురికి మెసేజ్ పెట్టు, మనవాళ్లయితే ఇంకా మంచిది, తెలుగులో అడిగితే ఉన్నదున్నట్టు చెప్తారు.

కానీ నువ్వు రాసింది జడ్జి కావాలని. అక్కడ కథ వేరే.

సివిల్ జడ్జి పరీక్షకు ఏ కాలేజీ అని ఎవరూ అడగరు, బార్ కౌన్సిల్ గుర్తింపు ఉన్న డిగ్రీ చాలు. పేపర్లలో తెలుగు-ఇంగ్లిషు అనువాదం కూడా ఉంటుంది, అక్కడ మన ఊరి పిల్లలు వెనకబడాల్సిన పని లేదు. ఉద్యోగం వస్తే మొదటి మూలవేతనం 77,840 రూపాయలు, భత్యాలు వేరే. ఇంతవరకు బాగుంది. అయితే 2025 మే 20న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చూశావో లేదో, డిగ్రీ పట్టుకుని నేరుగా పరీక్ష రాసే రోజులు పోయాయి. కనీసం మూడేళ్లు వకీలుగా ప్రాక్టీసు ఉండాలి. బార్ కౌన్సిల్‌లో వకీలుగా తాత్కాలికంగా పేరు నమోదైన (ప్రొవిజినల్ ఎన్‌రోల్‌మెంట్) రోజు నుంచి లెక్క, జడ్జీల దగ్గర లా క్లర్కుగా చేసిన కాలాన్నీ కలుపుతారు.

ఆ మూడేళ్లూ నువ్వు ఏం తిని బతుకుతావు అన్నదే ఇక్కడ చూడాల్సింది. జిల్లా కోర్టులో జూనియర్ బతుకు నాకు తెలుసు. పొద్దున ఎనిమిదికే సీనియర్ ఆఫీసులో ఫైళ్లు సర్దాలి, కోర్టులో వాయిదాలు అడగాలి, సాయంత్రం గుమస్తాతో కలిసి నకళ్ల కోసం తిరగాలి, నెలాఖరుకు సీనియర్ చేతిలో పెట్టేది పెట్రోలుకూ టిఫిన్లకూ సరిపోతే గొప్ప. కొందరు సీనియర్లు అదీ ఇవ్వరు, ‘పని నేర్పిస్తున్నా కదా’ అంటారు. అలాంటప్పుడు నెత్తిన 22 వేల బ్యాంకు వాయిదా ఉంటే కోర్టు మెట్లు ఎక్కలేవు, ఏ కంపెనీలోనో కాంట్రాక్టులు సరిచూసే ఉద్యోగం దొరికిన చోట చేరిపోతావు. అది తక్కువ పని అని కాదు, నువ్వు కోరుకున్నది అది కాదు కదా.

ఆ 22 వేలు ఊరికే అనలేదు. ఐదేళ్లకు 15 లక్షల ఖర్చు. ఇంట్లోంచి 3 లక్షలు సర్దుతాం అనుకుని మిగిలిన 12 లక్షలు అప్పు తీసుకున్నారనుకో, పది శాతం వడ్డీ అనుకుందాం. చదివే ఐదేళ్లూ ఆపైన ఏడాదీ కట్టక్కర్లేదు కానీ వడ్డీ మాత్రం పడుతూనే ఉంటుంది, అంతా కలిపి దాదాపు 17 లక్షలవుతుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు 22 వేల పైనే.

ఇప్పుడు ఇంకోలా చూడు. అప్పు 10 లక్షల దగ్గర ఆపి, మిగిలిన 5 లక్షలు ఏడాదికి లక్ష చొప్పున ఇంట్లోంచి పెట్టగలరా? ఆ పది లక్షల అంకె ఎందుకంటే, కేంద్రం 2024 నవంబరులో ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉంటే, 10 లక్షల వరకు అప్పు మీద చదువుకునే కాలంలో 3 శాతం వడ్డీ ప్రభుత్వం భరిస్తుంది. ఆస్తి తాకట్టు, హామీదారు అక్కర్లేదు. అయితే నీ వర్సిటీ ఆ పథకం జాబితాలో ఉండాలి, వడ్డీ రాయితీ ఏడాదికి లక్ష మంది విద్యార్థులకే, అదీ గుర్తుంచుకో. అప్పు ఏడాదికి 2 లక్షల చొప్పున తీసుకుంటారు కాబట్టి, రాయితీ వస్తే మీ నాయన మొదటి ఏడాది వడ్డీ కింద కట్టాల్సింది 14 వేలు, అంటే నెలకు పన్నెండు వందలు. ఏటేటా పెరిగి ఐదో ఏడాదికి నెలకు 5,800 అవుతుంది. వడ్డీ ఎప్పటికప్పుడు కడుతుంటే అసలు పెరగదు, నువ్వు బయటికొచ్చాక నెలవాయిదా 13,200. రాయితీ రాకపోతే వడ్డీ భారం ఐదో ఏడాదికి నెలకు 8,300 దాకా పోతుంది, దానికీ సిద్ధపడాలి.

ఇక్కడే మీ నాయన సర్వీసు లెక్కలోకి వస్తుంది. ఇంకా ఏడేళ్లు అన్నావు. ఐదేళ్లు చదువు, ఆరో ఏడాది ప్రాక్టీసు మొదలు, అసలు వాయిదా ఇంకా రాదు. ఏడో ఏడాది వాయిదా మొదలవుతుంది, ఆయన జీతమూ ఉంటుంది. ఎనిమిదో ఏడాది నుంచి, మూడేళ్ల ప్రాక్టీసు ముగిసి నీ పరీక్ష ఫలితం వచ్చేదాకా గట్టి కాలం, అప్పటికి ఆయన రిటైరై ఉంటాడు. అందులో ఒక్కో ఏడాదికి లక్షా అరవై వేలు కావాలి, ఇప్పటి నుంచే చిన్న ఆర్డీ వేస్తే చాలావరకు పూడుతుంది. మీ నాయన ‘అప్పు వద్దు’ అనడంలో భయం ఉంది, అది న్యాయమైన భయం, ఆయన కండక్టరు కదా, చిల్లర లెక్క తప్పని మనిషి, ఈ కాగితం ఆయన ముందు పెట్టి అంకెలతోనే మాట్లాడు.

నా మాట అడిగావు కాబట్టి, జాతీయ వర్సిటీకే ఓటు, అదీ అప్పు పది లక్షలు దాటకపోతేనే. పదిహేడేళ్లకు జడ్జి అనుకున్నవాళ్లలో చాలామంది ఇరవై రెండుకు ఇంకేదో కావాలనుకుంటారు, తప్పు లేదు, పదిమంది గట్టి పిల్లల మధ్య ఐదేళ్లు ఉంటే ఏ దారికైనా పనికొస్తుంది. జాబితాలో ఆ వర్సిటీ లేకపోతే, లేదా ఇంట్లో ఏడాదికి లక్ష తీయడం కష్టమైతే, ఊళ్లోనే చేరు, మనసు చిన్నబుచ్చుకోకు.

ఊళ్లో చదివితే నష్టం ఏంటో కూడా చెప్తా. క్లాసులు సరిగ్గా జరగని రోజులు ఉంటాయి, సాటి పిల్లల్లో సగం మంది హాజరు కోసమే వస్తారు, ఇంగ్లిషులో వాదించే అలవాటు నీ అంతట నువ్వే చేసుకోవాలి. బదులుగా జిల్లా కోర్టు సైకిల్ దూరంలో ఉంటుంది. ఐదేళ్ల కోర్సులో ఎలాగూ కనీసం 20 వారాల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి, ఊళ్లో ఉంటే మొదటి ఏడాది నుంచే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో, లోక్ అదాలత్‌లలో తిరగొచ్చు. మిగిలే డబ్బులో కొంత పెట్టి సెలవుల్లో అమరావతి హైకోర్టులో ఒక సీనియర్ దగ్గర రెండు నెలలు ఉండి రా. కొత్త పుస్తకాలే కొను, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది, సీనియర్ల బీరువాల్లో ఇంకా ఐపీసీ సెక్షన్లే ఉన్నాయి.

మన ప్రాంతంలో వకీలుకు పని ఉండదు అనేవాళ్ల మాట నమ్మకు. సోలారు, గాలిమరల కంపెనీల లీజు పత్రాలు, చుక్కల భూముల (రికార్డులో యజమాని పేరు చోట చుక్కలున్నవి) తగాదాలు, గనుల లీజులు, అన్నీ మన జిల్లాల్లోనే ఉన్నాయి. ఇంగ్లిషులో ముప్పై పేజీల లీజు కాగితం చదివి రైతుకు తెలుగులో విడమర్చి చెప్పగల వకీలు ఎంతమంది ఉన్నారో కోర్టు ఆవరణలో అడిగి చూడు. కర్నూలులో హైకోర్టు బెంచి కావాలని 2024 నవంబరులో అసెంబ్లీ తీర్మానం కూడా చేసింది. 1937లో కోస్తా, రాయలసీమ నాయకులు చేసుకున్న శ్రీబాగ్ ఒప్పందం నుంచి మనం వింటున్న మాటే అనుకో, అది వస్తుందని లెక్క వేసుకుని మాత్రం కాలేజీ ఎంచుకోకు.

నీ కేటగిరీ రాయలేదు. ఎస్సీ అయితే నేను పైన వేసిన లెక్కంతా మారిపోతుంది, 8 లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్లకు జాబితాలోని సంస్థల్లో మొత్తం ట్యూషన్ ఫీజు భరించే కేంద్ర టాప్ క్లాస్ పథకం ఉంది. బీసీ, ఎస్టీలకు వేరే పథకాలు, వేరే ఆదాయ పరిమితులు. ముందు అది చూసుకో. వర్సిటీ ఆఫీసుకూ ఫోన్ చేసి ఆదాయాన్ని బట్టి సొంతంగా ఫీజు మినహాయింపు ఏమైనా ఇస్తారేమో అడుగు, అడగనివాళ్లకు చెప్పరు.

ఇంకో మాట. విశాఖ దగ్గర సబ్బవరంలో మన రాష్ట్రపు జాతీయ లా వర్సిటీ ఉంది, పేరు మన మాజీ ముఖ్యమంత్రి దామోదరం సంజీవయ్యది. కర్నూలు పక్కన పెద్దపాడులో పుట్టి, మీ అనంతపురంలో డిగ్రీ చదివి, మద్రాసులో లా చదివిన మనిషి. అక్కడ ఏపీ పిల్లలకు విడిగా కోటా ఉంది, నీ ర్యాంకుకు ఆశ ఉంటే తర్వాతి రౌండ్లు వదలొద్దు, పైగా ఇంటికి రావడానికి రైలు ఉంది.

నాయనకు ఏ రోజు వీక్లీ ఆఫో చూసుకుని ఇద్దరూ బ్యాంకుకు వెళ్లండి. దానికి ముందే మీ వార్డు సచివాలయంలో ఆదాయ ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టు, ఆలస్యమయ్యేది అక్కడే. సీటు కేటాయింపు కాగితం, ఫీజుల వివరం, ఇంటర్ మెమో తీసుకెళ్లు. మేనేజరు ‘తర్వాత రండి’ అంటే, విద్యాలక్ష్మి పోర్టల్లో పెట్టిన దరఖాస్తు నంబరు చూపించు. ఆ జాబితాలో వర్సిటీ పేరు ఉందో లేదో చూసి నాకు మళ్లీ రాయి.