రేకును చెక్కబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న దీవెనలు.

శిల్పం చదివిన నీవు మేడమీది గదిలో ప్రెస్సు పెట్టి, ఒకే లోహపు రేకు నుంచి అనేక రంగుల అచ్చులు తీయబోతున్నావని మీ నాన్న చెప్పగానే ఎంతో గర్వపడ్డాను. ఆ గదికి ఉన్నది ఒక్క కిటికీ అని గుర్తుకు వచ్చాక మాత్రం నిద్ర పట్టలేదు. ముందుగా నాతో ఒక మాట చెప్పవలసింది కదా తల్లీ!

శిల్పాన్ని విడిచిపెడుతున్నానని దిగులుపడకు. చిత్తూరు జిల్లాలో 1925లో పుట్టిన అచ్చుచిత్రాల కళాకారుడు కృష్ణారెడ్డి గారు లండన్‌లో హెన్రీ మూర్ వద్ద, పారిస్‌లో జాడ్‌కిన్ వద్ద శిల్పం నేర్చి, హేటర్ నడిపిన అచ్చుచిత్రాల కార్యశాల అటెలియే 17లో చేరిన తరువాత కూడా రేకును లోతులున్న శిల్పంగానే చెక్కారు. 1963 నాటి ఆయన ‘వర్ల్‌పూల్’ (సుడిగుండం) అచ్చులో సుడి మొదట లోహంలో తిరిగింది. రంగు ఆ తరువాతనే దాని వెంట నడిచింది. అందువల్ల రేకులోని ఎత్తుపల్లాల మట్టాలు స్పష్టంగా తేలేవరకు నల్ల సిరాతోనే ప్రూఫులు, అంటే నమూనా అచ్చులు, తీసుకో. ఆ పైన, నూనె ఎక్కువగా కలిపిన సిరాను గట్టి రోలరుతో పై మట్టానికి పట్టించి, చిక్కని సిరాను మెత్తని రోలరుతో లోపలికి దింపితే, పైనున్న నూనె సిరా చిక్కనిదానిని తన మీదికి రానివ్వదు. ఈ వరుస తప్పితే రంగులు కలిసి బురదవుతాయి. కాగితం ముందే తడిపి ఉంచుకో.

ఇక రేకును తినిపించి లోతు తెచ్చే నైట్రిక్ ఆసిడ్ సంగతి. నాతో చదివిన ఒకడు వానాకాలంలో, జల్లు లోపలికి కొడుతోందని కిటికీలు మూసి, తెల్లవారేసరికి లోతు రావాలన్న ఆత్రంతో ఆసిడ్ ఘాటు పెంచి జింకు రేకును అందులో వేశాడు. గోధుమరంగు పొగ లేచింది. కాస్త దగ్గి, మంచినీళ్లు తాగి, ఏమీ కాలేదని పడుకున్నాడు. ఆ పొగ చేసే కీడు వెంటనే బయటపడదు, గంటల తరువాత ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. తెల్లవారుజామున ఊపిరి అందక నీలిబారిన అతనిని మేమే ఆసుపత్రికి మోసుకుపోయాము. ప్రాణం దక్కింది గాని, ప్రెస్సు చక్రం తిప్పే సత్తువ మళ్లీ రాలేదు. మా అందరిలోకీ చక్కని గీత అతనిదే.

నీవు రాగి రేకు, దానిని తినే ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావకం వాడు. దానితో ఆ పొగ రాదు, అయినా గ్లౌజులు, కళ్లద్దాలు మానకు. లోతు కోసం ద్రావకాన్నే నమ్ముకోకుండా లోహాన్ని చెక్కే బ్యూరిన్, గీకే స్క్రేపర్ చేతపట్టు. ఉలికి అలవాటైన చెయ్యి నీది. ఎగ్జాస్ట్ ఫ్యానుకు డబ్బు ఈ వారమే పంపుతున్నాను. అది బిగించి నాకు ఫోన్ చేసిన తరువాతనే సామాను కొనడానికి వెళ్లు.

మీ పెదనాన్న