మంచుగడ్డ మీద గాలిపటం ఎగరేసేముందు

చిరంజీవి చిన్నాకి,

ఆశీస్సులు. గడ్డకట్టిన నీళ్ల మీద గాలిపటం లాగుతుంటే జారడానికి స్కేట్లు కొనుక్కున్నానని, పవర్ కైట్ (మనిషిని లాగే పెద్ద గాలిపటం) 5 చదరపు మీటర్లది తీసుకోవాలా, 3 చదరపు మీటర్లది తీసుకోవాలా అని అడిగావు. 3 తీసుకో. ఇసుక మీద పటం లాగే చక్రాల బండిని కదిలించాలంటే పెద్ద పటం కావాలి. గట్టి గడ్డ మీద పదునైన బ్లేడుకి రాపిడి లేనట్టే లెక్క, గంటకు 15 కిలోమీటర్ల గాలికి చిన్న పటమే నిన్ను పరుగు పెట్టిస్తుంది. గాలి వేగం రెట్టింపైతే లాగుడు నాలుగింతలవుతుంది. నువ్వు అడ్డంగా కదలడం మొదలుపెట్టాక నీ వేగం కూడా పటానికి తగిలే గాలిలో కలుస్తుంది కాబట్టి, వీచే గాలిని మించి పోతావు. పైగా చలిగాలి చిక్కన. మైనస్ 20 డిగ్రీల దగ్గర అది ప్లస్ 20 నాటి గాలి కంటే సుమారు 15 శాతం బరువు. ఇసుక మీద అలవాటైన సైజులు ఇక్కడ పనికిరావు.

నాలుగు దారాల పటం, చేతి హ్యాండిళ్లతో ఉన్నది ఎంచుకో. పై రెండు దారాలు లాగుడుకి, కింది రెండు బ్రేకుకి. బ్రేకు దారాలకు కట్టిన పట్టీలు మణికట్లకు ఉంటాయి. హ్యాండిళ్లు వదిలేయగానే పటం వెనక అంచు నుంచి వేలాడి, గాలి పట్టు పోయి కింద పడుతుంది. నడుముకి కట్టుకునే హార్నెస్ జోలికి ఈ చలికాలం పోకు. ముందు మామూలు బూట్లతో మైదానంలో ఒక ఇరవై సార్లైనా పటం ఎగరేసి, లాగుడు బాగా ఉన్నప్పుడే కావాలని వదిలెయ్. భయం వేసినప్పుడు చేతులు బిగుసుకుంటాయి, విప్పడమే నేర్చుకోవాలి. నేల విడిచి సాము అనే మాట ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

గడ్డ సంగతి. తేటగా నల్లగా కనిపించే కొత్త గడ్డ 10 సెంటీమీటర్లు ఉంటే మనిషిని మోస్తుంది. మంచు కలిసి తెల్లబడ్డ గడ్డకి బలం సగమే, అంటే మందం రెట్టింపు కావాలి. చలికాలం చివర్లో ఎండకు మెత్తబడిన గడ్డని మందం చూసి నమ్మకు. ఒకచోట రంధ్రం చేసి కొలిచి ఊరుకోవడం కూడా తప్పే. వాగు కలిసే చోట, నీళ్లు బయటకు పోయే చోట, వంతెనల కింద, రెల్లు చుట్టూ, ఊటల దగ్గర గడ్డ పలచనగా ఉంటుంది. పటం లేకుండా ముందు ఆ మేరంతా కొలుచుకుంటూ తిరుగు, పగుళ్లు, చేపల కోసం తవ్విన గుంటలు గుర్తుపెట్టుకో. పటం లాగేటప్పుడు అవి కనిపించేసరికి మీదికొచ్చేస్తాయి. ఆఖరుగా గాలి పోయే వైపు చివర ఏముందో చూడు. హ్యాండిళ్లు వదిలాక కూడా కొంత దూరం జారతావు. అక్కడ రాళ్లో, గడ్డకట్టని నీళ్లో ఉంటే ఆ రోజు ఆ చోటు వద్దు.

దారాలు పరిచేటప్పుడు స్కేట్లు వేసుకోవద్దు. ముళ్ల పట్టీలు తగిలించిన బూట్లతో పరిచి, చివర్లో స్కేట్లు కట్టుకో. బ్లేడు ఒక్కసారి దారాన్ని తొక్కితే తెగకపోవచ్చు గానీ, ఆ చోట సన్నటి నూగు లేస్తుంది. ప్రతిసారీ ఎగరేసేముందు చేతి తొడుగు తీసి, దారాన్ని రెండు వేళ్ల మధ్య నుంచి జార్చి చూడు. గరుకు తగిలితే మార్చెయ్. పై దారం ఒకటి తెగితే పటం గిరగిరా తిరుగుతూ ఎటో ఈడుస్తుంది. బోసి గడ్డ మీద పటం నిలవదు, జారిపోతుంది. వెనక అంచు మీద చిన్న ఇసుక సంచులు పెట్టు. గడ్డ తగినంత మందంగా ఉంటే ఐస్ స్క్రూ (గడ్డలోకి దిగే మర) బిగించి, బ్రేకు దారాలు దానికి కట్టు.

బయలుదేరేటప్పుడు పటాన్ని తలపైకి తెచ్చి, బ్లేడులు గాలికి అడ్డంగా పెట్టి, మోకాళ్లు వంచి, గాలి వచ్చే వైపు వాలు. ఆ వైపు అంచులు గడ్డని కొరకాలి. అవి మొద్దుబారితే ఎంత వాలినా పక్కకే జారతావు. వెళ్లాలనుకున్న వైపుకి పటాన్ని మెల్లగా, తలపై నుంచి సగం దూరం దించు, చాలు. తొందరపడి ఎదురుగా మధ్యలోకి, కిందికి దించితే పూర్తి బలం ఒక్క కుదుపుతో వచ్చి ముఖం మీద పడేస్తుంది. కొత్తవాళ్లలో ఎక్కువమంది పడేది ఇక్కడే.

ఆగాలంటే ముందు పటాన్ని పైకి తెచ్చి లాగుడు తగ్గించు, ఆ తర్వాతే కాళ్లు తిప్పు. వరస తప్పితే కాళ్లు ఆగుతాయి, ఒళ్లు ఆగదు. గాలి దెబ్బలు దెబ్బలుగా వీచే రోజున తలపైనున్న పటం మనిషిని ఎత్తగలదు, అలాంటి రోజు అసలు ఎగరేయకు. పగుళ్లను అడ్డంగానే దాటు. పగులు వెంబడే పోతే బ్లేడు దాంట్లో ఇరుక్కుంటుంది.

హెల్మెట్, మోచేతి, మోకాలి ప్యాడ్లు, లైఫ్ జాకెట్ ఉండాలి. గడ్డని పొడిచి పైకి పాకే ఐస్ పిక్‌లు మెడలో వేలాడాలి, సంచిలో ఉంటే దండగ. తాడు పట్టుకున్న తోడు లేకుండా వెళ్లకు. ఒకవేళ గడ్డ విరిగి పడితే పటాన్ని పూర్తిగా వదిలించుకో, మణికట్టు పట్టీలతో సహా. మొదటి నిమిషం ఊపిరి అదుపులోకి తెచ్చుకోవడానికే సరిపోతుంది, చేతులు పనిచేసేది ఆ తర్వాత సుమారు 10 నిమిషాలు. వచ్చిన దారి వైపే తిరుగు, ఇంతవరకు నిన్ను మోసింది ఆ గడ్డే. పిక్‌లు గుచ్చి, కాళ్లతో తన్నుతూ పైకి పాకి, లేచి నిలబడకుండా దొర్లుతూ దూరంగా రా.

పటం తడిస్తే ఆ రోజుకి ముగించు. తడి గుడ్డ బరువెక్కుతుంది, దారాల ముడులు గడ్డకట్టి విప్పడానికి రావు. ఇంటికొచ్చాక దారాలతో సహా విప్పి, హీటరుకు దూరంగా ఆరబెట్టి, పూర్తిగా ఆరాకే మడిచిపెట్టు.

ఇట్లు,
పెదనాన్న