సమాధానం: సిగ్నల్ లేని పిల్లలకు లెక్కల క్లాసు ఎలా చెప్పాలి?

మేడమ్, మీరు తిరుపతిలో ఇంటినుంచి గంటసేపు జూమ్‌లో ఎమ్మెస్సీ లెక్కలు చెబుతుంటే కుప్పం, పలమనేరు వైపు పల్లెల పిల్లలు మధ్యలోనే తెగిపోతున్నారని, ఉన్నవాళ్లు కూడా ఉలకరు పలకరని రాశారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడగానే నల్లబల్ల పాఠాన్ని ఉన్నపళంగా ఫోన్‌లోకి ఎత్తేశాం, ఇమడకపోవడంలో వింతేముంది!

ముందు ఆ గంట లైవ్ మానేయండి. నిరూపణను కాగితం మీద రాసి, స్కాన్ చేసి పీడీఎఫ్‌గా వాట్సాప్‌లో పెట్టండి. మామూలు ఫోటోగా పంపితే అది కుదించేస్తుంది, చిన్న అక్షరాలు అలుక్కుపోతాయి. దాంతోపాటు పది నిమిషాల వాయిస్ మెసేజ్: "రెండో పేజీ, మూడో లైను చూడండి. ఇక్కడ ఎప్సిలాన్‌ను సగం ఎందుకు చేశాం?" అన్నట్టు. ఆడియో కొద్ది ఎంబీలే కాబట్టి బలహీనమైన సిగ్నల్‌లోనూ నిదానంగా దిగుతుంది.

లైవ్ అరగంట చాలు, అదీ సందేహాలకే. జూమ్ ఉచిత ఖాతా ఎలాగూ 40 నిమిషాలకు కట్ చేస్తుంది. సాయంత్రం ఏడు దాటాక పెట్టండి. చాలా ఇళ్లలో ఉన్న ఒక్క ఫోనూ పగలు నాన్నతో పొలానికి పోతుంది. రాసి చూపించాలంటే రెండు పుస్తకాల దొంతరల మీద వంతెనలా స్టీలు స్కేళ్లు వేసి, వాటిపై ఫోన్ పరచండి; కెమెరా కింది కాగితాన్ని చూడాలి, స్కేళ్లు దానికి అడ్డం రాకూడదు. ఫ్యాన్ మాత్రం ఆపాలి, లేదంటే కాగితం ఎగురుతుంది. మన తిరుపతి ఎండల్లో అది శిక్షే అనుకోండి!

కెమెరా ఆన్ చేయమని పట్టుబట్టొద్దు. ఒక లెక్క చేసి ఫోటో పంపినవాళ్లకు హాజరు వేసేయండి. ఎవరికి ఎక్కడ అర్థం కాలేదో అందులోనే తెలిసిపోతుంది.