కొండ ఏట్లో ఫ్లై ఫిషింగ్: ఖర్చు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ ఆపాలి

సందేహం: అన్నా, మాది కావలి. డెన్వర్ వచ్చి మూడు నెలలైంది. ఇక్కడి కొండ ఏట్లో ట్రౌట్ చేపలు పట్టాలనుంది. సామానుకి ఎంతవుతుంది?

ముందు క్రెడిట్ కార్డు బయటికి తీయబాక నాయనా. మన కుర్రాళ్ళు వెయ్యి డాలర్ల సామాను కొని, ఒక్క సీజను కూడా తిరక్కుండా గరాజులో పడేస్తారు. రాడ్డు, రీలు, లైను కలిపిన సెట్టు 200 డాలర్ల లోపే దొరుకుతుంది. రాడ్డు 9 అడుగులు, 5-వెయిట్ (అది మోసే లైను బరువు నంబరు), తేలే లైను. లైను చివర 9 అడుగుల 5ఎక్స్ లీడరు, అంటే కొసకి సన్నబడే పారదర్శక దారం; 5ఎక్స్ దాని మందం నంబరు. ఫ్లై (పురుగులా కనిపించేలా కట్టిన కొక్కెం) మార్చినప్పుడల్లా లీడరు తరుగుతుంది. కొత్తది కొనకుండా రెండడుగుల టిప్పెట్ అనే సన్న దారం కొసకి ముడేసుకో. పారాచూట్ ఆడమ్స్, ఎల్క్ హెయిర్ క్యాడిస్, ఫెజెంట్ టెయిల్, జీబ్రా మిడ్జ్ మూడేసి చొప్పున డజను ఫ్లైలు చాలు. ఫ్లై నంబరు పెరిగేకొద్దీ కొక్కెం చిన్నదవుతుంది, అది గుర్తుంచుకో.

పెన్నలో గాలం వేస్తే సీసం గుండు దారాన్ని లాక్కెళ్తుంది. ఇక్కడ ఫ్లైకి బరువుండదు, లైను బరువే దాన్ని మోయాలి. రాడ్డు వెనక్కి తెచ్చాక లైను వెనకాల పూర్తిగా చాపుకునేదాకా ఆగు. తొందరపడితే కొరడాలా ఛళ్ళుమని ఫ్లై తెగిపోతుంది, రెండు మూడు డాలర్లు గాల్లో కలిసినట్టే. కొక్కెం బదులు ఊలు ముక్క కట్టి పార్కు గడ్డిలో సాధన చేస్తే పైసా ఖర్చుండదు.

మే చివర్నుంచి జూన్ దాకా మంచు కరిగి ఏరు బురదగా ఉరుకుతుంది. ఆ రోజుల్లో గైడుకి డబ్బు కట్టబాక. యూఎస్‌జీఎస్ (అమెరికా ప్రభుత్వ భూగర్భ సర్వే) సైటులో ప్రవాహం లెక్క ఉచితంగా చూసుకుని, తగ్గాకే దిగు. జూలైలో 14, 16 నంబర్ల క్యాడిస్ ఫ్లై నీటి మీద తేలేలా వెయ్. ఆగస్టులో గట్టు వారగా మిడత నమూనా వెయ్. నీళ్ళు 19 డిగ్రీల సెల్సియస్ దాటితే ఆపెయ్, అలిసిన చేప వదిలినా బతకదు. ఎండాకాలం వేడర్లు (ఛాతీ దాకా వచ్చే నీరు చొరని ప్యాంట్లు) దండగ, పట్టున్న బూట్లు చాలు. అక్టోబరుకి కూడా నీ సరదా నిలబడితే అప్పుడు కొను; నడుం బెల్టు మాత్రం బిగించాల్సిందే, లేకపోతే పడ్డప్పుడు లోపల నీళ్ళు నిండుతాయి. అక్టోబరు, నవంబరుల్లో బ్రౌన్ ట్రౌట్ గుడ్లు పెడుతుంది, శుభ్రంగా మెరిసే గులకరాళ్ళ కిందే ఆ గుడ్లుంటాయి, వాటి మీద కాలెయ్యొద్దు. చలికాలంలో డ్యామ్ దిగువన, మధ్యాహ్నం పూట, 20 నుంచి 24 నంబర్ల మిడ్జ్ ఫ్లై వెయ్.

చేప ఎక్కువగా నీటి అడుగునే తింటుంది. అడుగున వేసేటప్పుడు ఇండికేటరు (లీడరుకి కట్టే చిన్న తేలుడు బెండు) నుంచి ఫ్లై దాకా దారం నీటి లోతుకి ఒకటిన్నర రెట్లు పెట్టు. ఫ్లై మునగడానికి లీడరుకి చిన్న గుండు నొక్కి పెట్టు; అప్పుడప్పుడూ రాయి తగలకపోతే ఆ గుండు చాల్లేదని అర్థం. ఇండికేటరు నురగ కంటే వేగంగా పోతుంటే వడి లైన్ని లాగుతోంది. లైన్ని ఎగువకి ఎత్తి వెయ్.

లైసెన్సుకి కొలరాడోలో ఆర్నెల్లు నిండితే స్థానికుల రేటు వస్తుంది, అది బాగా తక్కువ. మిగతా నిబంధనలు కొలరాడో పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ సైటులో ఉన్నాయి.

పులుసు ఆశ ఉంటే ముందే చెప్తున్నా: కొన్నిచోట్ల పట్టింది వదిలెయ్యాలి. తెచ్చుకోనిచ్చే చోట కూడా ట్రౌట్ కండ మెత్తన, పులుసులో విడిపోతుంది, వేపుడుకే బాగు. మామిడికాయ వేసి నెల్లూరు పులుసు పెట్టుకోవాలంటే ఇండియన్ స్టోర్లో చేప కొనడమే చౌక.